ఆసు తిమ్మిరే అనుకున్నం

ఆసు పోసే ఆడోళ్లకు చెయ్యి తిమ్మిరెక్కుడు కొత్త ముచ్చట కాదు.

మాది పోచంపల్లి. ఇంట్ల మగ్గం ఉన్నది. మగ్గం మీద కూర్చునేది మా ఆయన అంజయ్య, పట్టుదారాన్ని ఆసు మీద పోసేది నేను. తెల్వనోళ్ల కోసం చెప్తున్న. ఆసుకు ఒక దిక్కు ఒక్క మేకు ఉంటది. ఇంకో దిక్కు వంపు తిరిగిన కట్టెకు వరుసగ మేకులుంటయి. కుడిచేత్ల దారం పట్టుకొని ఈ మేకు కాన్నుంచి ఆ మేకుకు, ఆ మేకు కాన్నుంచి ఈ మేకుకు పొద్దంత చెయ్యి తిప్పుతనే ఉండాలె. అట్ల పోసిన దారానికి గుర్తులు పెట్టి, రబ్బరు పట్టీలతోని గట్టిగ ముడులు కట్టి రంగుల ముంచుతం. ముడి కిందికి రంగు పోదు. చీర మీద పువ్వు పడేది అట్లనే.

మా వాడల ఆసు పోసే ఏ ఆడిమనిషిని అడిగినా ముందుగాల భుజమే పట్టుకొని చూపిస్తది. పండుకుంటే చెయ్యి మొద్దుబారుతది. లేచి విదిలించుకుంటం, నొప్పుల బాము రాసుకుంటం, మళ్ల కూర్చుంటం. అందుకే నాకు పెరాలసిస్ వచ్చిన పొద్దు మా ఇంట్ల ఎవరికీ తెల్వలే. నాక్కూడ తెల్వలే.

కరోనా పోయి మగ్గాలు మళ్ల సరిగ్గ నడుస్తున్న ఏడాది అది. మిరుగు కార్తె ఇంకా రాలే, ఎండ మండుతాంది. చాయ్ తాగి ఆసు ముందు కూర్చున్న. దారం చేతిలకెల్లి జారింది. తీసి పట్టుకున్న. మళ్ల జారింది.

"ఏమయ్యా, గీ చెయ్యి ఇయ్యాల నా మాట వింటలేదు" అన్న.

"ఎన్నడు విన్నది? నీ చెయ్యేనాయె, నీ లెక్కనే ఉంటది" అని మగ్గం గుంతలకెల్లే నవ్విండు మా ఆయన.

తర్వాత దిగొచ్చి భుజానికి బాము రాసిండు. పక్కింటి లచ్చవ్వ తొంగిచూసి, "ఆసు తిమ్మిరే పిల్లా, జర నడుం వాల్చు, అదే పోతది" అన్నది. ఆమెది అబద్ధం కాదు, అన్నిసార్లు అట్లనే పోయింది. నేను పండుకున్న. మెలకువొచ్చే సరికి పొద్దు నడినెత్తి దాటింది. నీళ్లు అడుగుదామని నోరు తెరిస్తే మాట బయటికి రాలే, ముద్ద ముద్దగ ఏదో శబ్దమొచ్చింది. మా ఆయన నా మొఖం చూసి చేతిల ఉన్న చెంబు కింద పడేసిండు. నా మూతి ఒక దిక్కుకు గుంజుకపోయిందట.

ఆటోల భువనగిరి, అక్కన్నుంచి హైదరాబాదుల పెద్ద దవాఖాన. మా బిడ్డ సరిత ఉండేది భువనగిరిలనే, అది దారిల ఎక్కింది. పొద్దుగాలనే వస్తే గడ్డను కరగబెట్టే సూది ఒకటి ఉంటదట. మేం పోయే సరికి దాని టైము దాటిపోయిందన్నరు. గా టైమంత నేను బాము వాసనల పండుకొని ఉన్న.

డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. నాకు మాట రాదు కాబట్టి సరితను అడిగింది.

"అమ్మకు షుగర్ ఎన్నేండ్ల నుంచి ఉంది?"

"షుగర్ లేదు మేడమ్. బీపీ ఒక్కటే. యాదికున్నప్పుడు గోలి ఏసుకుంటది."

"షుగర్ ఉంది. ఇప్పటిది కాదు, చానా పాతది. పాదాలు మండుతయని ఎప్పుడూ చెప్పలేదా?"

"చెప్తది. ఆసు ముందు మఠమేసుకొని కూర్చుంటది కదా, తిమ్మిరెక్కుతయి."

"భుజం పైకి లేవకపోవడం?"

"ఆసు పోసి పోసి."

"కండ్లు మసకలు?"

"సన్న దారం చూస్తది కదా మేడమ్, ఆసు మీద."

డాక్టరమ్మ కలం పక్కకు పెట్టింది. "అన్నీ ఆసు మీదనే ఏస్తరా మీరు?" అన్నది. సరిత తల దించుకున్నది. నాకు నవ్వొచ్చింది, నవ్వితే సగం మొఖమే కదిలింది.

దవాఖానల నన్ను అన్నిటికన్న భయపెట్టింది చెయ్యి కాదు. నాకు అక్షరాలు నలభై దాటినంక వచ్చినయి. నేతపనోళ్ల సంఘం హాలుల మాపటీలి ఆడోళ్లకు చదువు చెప్తే పోయి నేర్చుకున్న. అంత ఆలస్యంగ వచ్చినయి కాబట్టి ముందు పోయేటియి అవే అనుకున్న. మంచం మీద పండుకొని గోడ దిక్కు చూసిన. ఎర్ర రంగుతో ఏదో రాసి ఉన్నది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్న. 'ఇక్కడ ఉమ్మివేయరాదు.' కండ్లెంబడి నీళ్లు కారినయి. సరిత గాబరపడి నర్సును పిలిచింది. నా మనసుల ఏమున్నదో వాళ్లకు చెప్పే మాట లేదు.

ఆ నర్సమ్మను నేను మరువ. నాకు తెలుగు చదువొస్తదని ఎట్లనో కనిపెట్టి, గోలీల అట్టల మీద పట్టీ అంటించి తెలుగుల రాసిచ్చింది: 'పొద్దున, తినకముందు', 'మాపు, తిన్నంక', 'ఇది బంద్ చేయొద్దు'. ఆఖరి మాట కింద గీత కూడ గీసింది.

వానలు మొదలైనయి. కసరత్తు చేయించే గది ముందట బెంచీల మీద కూర్చొని మా వంతు కోసం ఎదురుచూసేటోళ్లం. అక్కడ కోస్గి కాన్నుంచి వచ్చిన మస్తాన్ భాయ్, ఆయన భార్య ఖాజాబీ కలిసిన్రు. ఆయన దర్జీ. నాలెక్కనే కుడి పక్క పడిపోయింది. నాకంటే వయసుల పెద్దోడు.

"గీయన చెయ్యి పడ్డది గని నోరు పడలే అక్కా" అనేది ఖాజాబీ. "అల్లా నోరు పడగొట్టి చెయ్యి ఉంచినా బాగుండు, గిరాకీలన్న నిలుస్తుండె."

"విన్నవా చెల్లె?" అనేటోడు మస్తాన్ భాయ్. "ముప్పై ఏండ్లు గిట్లనే కుట్టింది నన్ను."

మా సరిత డ్యూటీకి పోయిన రోజుల నాకు అన్నం తినిపించింది ఖాజాబీనే. ముందు మొగునికి ఒక ముద్ద, తర్వాత నాకు ఒక ముద్ద. నా మూతికెల్లి పప్పు కారితే తన కొంగుతోని తుడిచింది. ఒక్కనాడు గూడ మొఖం చిట్లియ్యలే.

కొన్ని వారాలకు మస్తాన్ భాయ్ వేళ్లు కదిలినయి. తర్వాత చెంబు పట్టిండు. ఇంకొన్ని దినాలకు చెయ్యెత్తి నాకు సలాం కొట్టిండు. నేను మూతి వంకర చేసి నవ్విన. లోపట మాత్రం మండింది. ఇద్దరికి ఒక్కటే జబ్బు, ఒక్కటే దవాఖాన, ఒక్కటే బెంచి. ఆయన చెయ్యి వస్తాంది, నా చెయ్యి తాడుకు కట్టిన దుంగ లెక్క ఏలాడుతాంది.

నాకు మాట కొంచెం వచ్చినంక డాక్టరమ్మను అడిగిన. ఒక్కొక్క మాట ఏరుకొని అడిగిన. "ఆయనకు... వచ్చింది. నాకు... ఎందుకు రాలే?"

ఆమె నా మంచం మీదనే కూర్చున్నది. "దెబ్బ ఒకటేనమ్మా. అది పడ్డ నేల వేరు. ఆయనకు షుగర్ లేదు. బీపీ ఉంది గని రోజూ గోలి ఏసుకున్నడు. నీ పాదాల నరాలను షుగర్ ముందే తిన్నది. భుజాన్ని ముందే బిగించింది. తలకాయ చెయ్యి లేపమన్నా భుజం తెరుచుకోవాలె కదా. ఆయనకు ఒక్క తాళం తీస్తే సరిపోయింది. నీకు రెండు, మూడు తీయాలె. నిదానమైతది. షుగర్, బీపీ చేతుల ఉంటేనే అయితది."

"ఆసు... పోస్తనా?"

ఆమె నా చెయ్యి తీసుకొని ఒత్తుకుంట కూర్చున్నది. ఆ రోజు కాన్నుంచి నా బతుకుల ఉన్నది ఒక్కటే ప్రశ్న. ఈ చెయ్యి వస్తదా, రాదా?

శ్రావణంల ఇంటికి తోలిన్రు. కర్ర పట్టుకొని కాలీడ్చుకుంట నడుస్తున్న. పాదం కింద నేల తెల్వది. చెప్పు జారిపోయి వట్టికాలుతోని వాకిలి దాంక పోతే, "చెప్పు ఏదమ్మా?" అని సరిత అడిగినంకనే చూసుకున్న. కంకర గుచ్చుకొని నెత్తురు కారుతాంది, నాకు మాత్రం సోయి లేదు. షుగర్ అంటే ఏందో నాకు ఆ రోజు సమజయ్యింది.

అప్పుడొచ్చిండు మా అన్న యాదగిరి. అన్నది రామన్నపేట, ఎవుసం చేస్తడు. నాయిన పోయినంక నన్ను సాదింది, నా పెండ్లి చేసింది ఆయనే. నన్ను చూసి గడపల్నే కూలబడ్డడు.

"చెల్లె, ఒక ఊర్ల పసరు పోస్తరు. పెరాలసిస్ వచ్చినోళ్లను మంచంతోని మోసుకపోతే నడిపించుకొని తోలుకొస్తున్నరు. మా ఊరాయన ఒకడు గట్లనే లేచిండు. నా కండ్లతోని చూసిన."

"పసరు పోస్తే గోలీలు ఏసుకోవచ్చా మామా?" అని సరిత అడిగింది.

"ఇంగ్లీషు గోలీలు బంద్ పెట్టాలె. రెండూ కలిస్తే ఇకారమైతదట. ఒక మండలమే బిడ్డా, నలభై దినాలు, జన్మంతనా ఏంది?"

"మామా, షుగర్ గోలీలు బంద్ పెట్టొద్దని రాసిచ్చిన్రు. గీత గీసి రాసిచ్చిన్రు."

"రాసిచ్చినోళ్లు చెయ్యి తెచ్చిన్రా మరి?" అన్నడు అన్న. "తెచ్చిన్రా చెప్పు!"

మగ్గం మీద సగం నేసిన చీర ఆగిపోయి ఉన్నది, మా ఆయన దాని దిక్కు చూస్తున్నడు. అందరు కలిసి నన్ను చూసిన్రు. నేను అన్న దిక్కు తల ఊపిన. నాకు చెయ్యి గావాలె. ఎవరు ఇస్తమన్నా పోతుంటి.

తెల్లారకముందే పరగడుపున పోవాలె. మాలెక్క వచ్చినోళ్లు వాకిలి నిండ ఉన్నరు, ఎడ్లబండ్ల మీద, ఆటోలల్ల, కొడుకుల వీపుల మీద. పసరు పోసేటాయన ఆకుపసరు తాటిబెల్లంల కలిపి తాపిచ్చిండు. నూనె రాసి భుజం కాన్నుంచి వేళ్ల దాంక గట్టిగ తీసిండు. ఉప్పు, పులుపు బంద్. జొన్నరొట్టె, బెల్లం తినాలె. గోలీలు ముట్టొద్దు. పట్టీ అంటించిన గోలీల సంచిని మా ఆయన దూలానికి తగిలేసిండు.

మొదటి రోజులల్ల ఏం జరిగిందో దాచకుంట చెప్తున్న, ఎందుకంటే మోసపోయేది ఇక్కడనే. నాకు నిజంగనే బాగనిపించింది. నూనె కాకకు భుజం తేలికయ్యింది. ఒకనాడు బొటనవేలు కదిలింది. సరితను కేకేసి చూపిచ్చిన. అన్న వచ్చి నా వేలు కండ్లకద్దుకున్నడు. "చూసినవా బిడ్డా?" అన్నడు సరితతోని. అది కూడ ఏడ్చింది. ఆ వేలు దవాఖానల చేయించిన కసరత్తుతోనే కదిలిందేమో, పసరుతోనేమో, నాకియ్యాల్టికి తెల్వది. లోపట షుగర్, బీపీ ఏం చేస్తున్నయో మాత్రం మేం ఒక్కలం గూడ చూడలే. దప్పికైతే మంచిదే, పసరు పని చేస్తాంది అన్నరు. తలకాయ బరువెక్కితే వాతం దిగుతాంది అన్నరు. మొదాలు అన్నీ ఆసు మీద ఏసినం. ఇప్పుడు అన్నీ పసరు మీద ఏసినం.

ఎంగిలిపువ్వు బతుకమ్మ నాడు వాడల ఆడోళ్లు నన్ను కుర్చీల కూర్చోపెట్టి చుట్టు ఆడిన్రు. పాట అందుకుందామని నోరు తెరిచిన. గునుగుపువ్వు తెల్లగ కనిపించింది, అంతే. కుర్చీల కాన్నుంచి పక్కకు ఒరిగిన.

మళ్ల అదే దవాఖాన. షుగర్ చూసే మిషన్ల అంకె రాలే. అంతకు మించి ఉంటే అది చూపియ్యదట. డాక్టరమ్మ మమ్ముల తిట్టలే. తిట్టినా బాగుండు. "గోలీలు ఆపి ఎన్ని రోజులైంది?" అని మాత్రం అడిగి, విని, కిటికీ దిక్కు తిరిగింది.

వచ్చిన మాట సగం పోయింది. ఈడ్చుకుంట నడిచే కాలు ఇంకింత పడ్డది. కదిలిన బొటనవేలు మళ్ల కదలలే.

అన్న లోపటికి రాలే. బయట బెంచి మీద కూర్చున్నడని సరిత చెప్పింది. మా ఆయన పోయి ఆయన ముందట నిలబడ్డడట. "చాలా బావా? ఇంకేమన్న మిగిలిందా తాపియ్యనీకి?" అన్నడట. గా మాట తర్వాత అన్న లేచి పోయిండు. దసరాకు రాలే. సంక్రాంతికి రాలే. ఫోను చేస్తే మా ఆయన ఎత్తలే. తల ఊపింది నేనని అందరికీ తెల్సు. నన్ను మాత్రం ఎవ్వరు ఏమీ అనలే. నా వంతు తిట్లు కూడ అన్ననే తిన్నడు.

చలికాలమంత గోడకు ఆనుకొని కూర్చున్న. అప్పుడు మా ఇంట్ల ఒక వింత జరిగింది. మా ఆయన ఆసు ముందు కూర్చున్నడు. మా వాడల ఆసు పోసేది ఆడోళ్లే. కిటికీలకెల్లి లచ్చవ్వ చూసి, "ఏం అంజయ్యా, ఇగ చీర గూడ కట్టుకుంటవా?" అని నవ్వింది.

"కట్టుకుంట వదినా. నువ్వు నేసిస్తే" అన్నడు.

పొద్దుగూకే సరికి భుజం పట్టుకొని మూలిగిండు. "గిదా నువ్వు ఇన్నేండ్లు మోసింది?" అన్నడు నాతోని. నేను ఎడమచేత్ల ఆయన భుజానికి బాము రాసిన. తిమ్మిరి ఒక్క పక్కనేనా, మాట సక్కగ వస్తాందా అని అడిగి, మూతి చూసి, అప్పుడు రాసిన. ఇప్పుడు మా ఇంట్ల ఎవరు తుమ్మినా మూతే చూస్తం.

గోలీల సంచి దూలం మీదికెల్లి కిందికి దిగింది. పొద్దున, మాపు తప్పకుంట ఏసుకుంటున్న. కసరత్తు చేస్తున్న. మస్తాన్ భాయ్ ఫోను చేసిండు. మిషన్ మీద కూర్చుంటున్నడట, గుండీలు కుట్టుడు ఇంకా వస్తలేదట. "నువ్వెట్లున్నవ్ చెల్లె?" అన్నడు. "మంచిగున్న" అన్న. ఆ మాట మాత్రం సక్కగ వచ్చింది.

ఎండకాలంల డాక్టరమ్మను మళ్ల అడిగిన. ఈసారి జవాబు చెప్పింది. "ఆ చెయ్యి ఇగ పనికి రాదమ్మా. ఉన్న చెయ్యిని, ఉన్న కాలును కాపాడుకుందం." నేను తల ఊపిన. ఇంటికొచ్చినంక ఆసును గోడకు తిప్పి పెట్టమన్న. మా ఆయన తిప్పలే. రేపు దారం పోయాలె కదా అన్నడు.

రాఖీ పున్నమొచ్చింది. ఏటేట నేనే రామన్నపేట పోయి అన్నకు కట్టేది. కొనుక్కొచ్చిన రాఖీ ఎన్నడు కట్టలే, మా మగ్గం మీది పట్టుపోగు నేనే పేనేదాన్ని. ఈసారి పోగు సరితతోని పేనిపిచ్చి, ఫోను గూడ దానితోనే చేపిచ్చిన. "అమ్మ రమ్మంటాంది. రాకుంటే ఆటోల తనే వస్తనంటాంది."

అన్న వచ్చి గడప బయటనే నిలబడ్డడు. మనిషి చిక్కిండు. మొఖం ఉబ్బరించింది. మా ఆయన మగ్గం గుంతలకెల్లి లేవలే, పలకరియ్యలే.

ఆ ఉబ్బరం చూస్తనే నాకు అనుమానమొచ్చింది. అన్నకూ బీపీ ఉన్నది. మా నాయిన పోయింది కూడ దాంతోనే.

"అన్నా... గోలి... ఏసుకుంటున్నవా?"

భుజం మీది తువ్వాల తీసి మొఖం తుడుచుకున్నడు.

"అన్నా!"

"లేదు చెల్లె" అన్నడు. "నీకు బంద్ పెట్టిచ్చిన కాన్నుంచి నేనూ బంద్ పెట్టిన. నీ చేతిలకెల్లి గోలి గుంజినోన్ని, నేనెట్ల మింగుత? వస్తే నాకూ రానీ."

మగ్గం చప్పుడు ఆగింది.

నాకు కోపమొచ్చింది. ఇన్ని నెలలు రాని కోపమంత అప్పుడొచ్చింది. మాట దొరకక నోరు కొట్టుకున్న. ఆఖరికి నా గోలీల సంచి చూపిచ్చి, రాఖీ దారాన్ని చూపిచ్చి, మళ్ల ఆయనను చూపిచ్చి, "మింగు. అప్పుడు... కడత" అన్న.

"అమ్మ గోలి కాదు, ఎవల గోలి వాళ్లకే ఉంటది" అన్నది సరిత. మెడికల్ షాపుకు పోయి, పాత మందుల చిట్టీ ఫోటో రామన్నపేటల ఉన్న అత్తమ్మతోని ఫోనుల పంపిచ్చుకొని, అన్న గోలి అన్నకు తెచ్చింది. తెల్లారి దవాఖానకు పోవాల్సిందే, బీపీ చూపిచ్చుకోవాల్సిందే అని మామ దగ్గర మాట తీసుకున్నది. గోలి చేతిల పెట్టుకొని అన్న అట్లనే నిలబడ్డడు.

నీళ్ల చెంబు తెచ్చింది మా ఆయన. "మింగు బావా" అన్నడు. "గీ ఇంటికి ఒక్కరు చాలు."

అన్న మింగిండు. లోపటికొచ్చి నా ముందట కూర్చొని చెయ్యి చాపిండు.

ఎడమచేత్ల దారం ఆయన మణికట్టు చుట్టు తిప్పిన. ముడి పడాలంటే రెండు చేతులు గావాలె. ఒక కొస నేను పట్టిన. ఇంకో కొస అన్న పండ్లతోని పట్టుకున్నడు. ఇద్దరం గుంజినం.

వదులుగ పడ్డది. మా పనిల గసొంటి ముడిని ఉంచం, దాని కిందికెల్లి రంగు పారి పువ్వు చెడుతది.

"విప్పి మళ్ల కట్టు" అన్నడు మా ఆయన. నేతపనోడాయె, చూసి ఊకోలేడు.

విప్పినం. మళ్ల కట్టినం. ఈసారి నిలిచింది. నా కుడిచెయ్యి ఒడిల పెట్టినట్టే ఉన్నది. దాని దిక్కు ఎవ్వరం చూడలే.